మెయిలింగ్ లిస్ట్ సర్వర్: నేపథ్య ప్రాసెస్‌లు, వాటి మరమ్మతు

ఒక చిరునామాకు వచ్చిన మెయిల్‌ను సభ్యులందరికీ పంచిపెట్టే కంప్యూటరును మెయిలింగ్ లిస్ట్ సర్వర్ అంటారు. సభ్యుడికి కనిపించేది తాను పంపిన మెయిల్, తనకు అందిన మెయిల్. మధ్యలోని పనంతా తెర మీద ఏ జాడా లేకుండా నడిచే కొన్ని ప్రోగ్రాములు చేసిపెడతాయి. వీటినే నేపథ్య ప్రాసెస్‌లు అంటారు. యూనిక్స్ వాడుకలో వీటి పేరు డీమన్‌లు.

వెబ్‌సైటు పడిపోతే తెరవబోయిన మొదటి మనిషికే ఆ సంగతి తెలుస్తుంది. లిస్ట్ సర్వర్‌లో ప్రాసెస్ ఆగితే అలా తెలియదు. పంపినవారికి మెయిల్ తిరిగి రాదు, అందాల్సినవారికి తమకేదో అందలేదన్న అనుమానం కూడా కలగదు. ఇవాళ ఎవరూ ఏమీ రాయలేదనుకుని ఊరుకుంటారు. లిస్ట్ సర్వర్ మరమ్మతులో కష్టమంతా ఈ నిశ్శబ్దం వల్లనే. ఈ వ్యాసం ప్రపంచమంతటా ఎక్కువగా వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గ్నూ మెయిల్‌మ్యాన్‌ను ఆధారంగా చేసుకుని ఆ మరమ్మతును వివరిస్తుంది.

మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతంలో దీని అవసరం

హైదరాబాద్‌కు ఉత్తరాన నిజామాబాద్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటినీ కలుపుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఇవి భాగం. పాతికేళ్లలో ఈ పట్టీ చదువులకూ పరిశోధనకూ నెలవైంది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ప్రాంగణం శామీర్‌పేటలోనే ఉంది. పక్కనే జవహర్‌నగర్‌లో 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ మొదలైంది. తుర్కపల్లి చుట్టూ జినోమ్ వ్యాలీ పెరిగింది. భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. మేడ్చల్ వైపు కండ్లకోయ, మైసమ్మగూడల్లో ఇంజనీరింగ్ కాలేజీలు వరుసగా వెలిశాయి.

వేలమంది విద్యార్థులున్న ఇలాంటి ప్రాంగణాల్లో పరీక్ష తేదీ మారినా, హాస్టల్ నీళ్లకు ఇబ్బంది వచ్చినా, సెమినార్ వాయిదా పడినా ఒకే మెయిల్ అందరికీ వెళ్లాలి. వాట్సాప్ గ్రూపు ఈ పనికి చాలదని నా అభిప్రాయం. అక్కడ పాత సందేశం వెతకడం కష్టం, ఫోను మారితే చరిత్ర పోవచ్చు, ఎవరు ఏమన్నారన్నదానికి సంస్థ దగ్గర నకలు మిగలదు. లిస్ట్ సర్వర్ ప్రతి మెయిల్‌కూ తేదీతో సహా దాఖలా ఉంచుతుంది.

పుట్టుక, పరిణామం

మెయిలింగ్ లిస్టులను తానే చూసుకునే మొదటి పేరున్న ప్రోగ్రాము లిస్ట్‌సర్వ్. ఎరిక్ థామస్ దీన్ని 1986లో బిట్‌నెట్ అనే కంప్యూటర్ల నెట్‌వర్క్ కోసం రాశాడు. 1992లో బ్రెంట్ చాప్‌మన్ రాసిన మేజర్‌డోమో వచ్చింది. మెయిల్‌మ్యాన్‌ను 1990ల మధ్యలో జాన్ వీగా డేవ్ మాథ్యూస్ బ్యాండ్ అనే సంగీత బృందం అభిమానుల కోసం మొదలుపెట్టాడు. తర్వాత అది గ్నూ ప్రాజెక్టులో చేరింది, బ్యారీ వార్సా చేతిలో పెరిగింది. 2.0 వెర్షన్‌లో శాశ్వతంగా నడిచే ప్రాసెస్ ఉండేది కాదు. నిర్ణీత వేళల్లో ప్రోగ్రాములను నడిపే క్రాన్ నిమిషానికోసారి ఒక ప్రోగ్రామును లేపేది, అది ఉన్న మెయిళ్లన్నీ పంపి పడుకునేది. 2002 డిసెంబరు చివర్లో వచ్చిన 2.1తో ఈ పద్ధతి మారింది. ఒక పెద్ద ప్రాసెస్, దాని కింద ఎప్పుడూ మేలుకొని ఉండే పిల్ల ప్రాసెస్‌లు వచ్చాయి. ఈ వ్యాసంలో చెప్పే చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ మార్పుతో పుట్టినవే. 2015 ఏప్రిల్‌లో మెయిల్‌మ్యాన్ 3 విడుదలైంది.

తెలుగువారికి ఈ మాధ్యమం కొత్తది కాదు. 1990లలో యూజ్‌నెట్‌లో సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే వేదిక ఉండేది. రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రోమన్ లిపి పద్ధతిలో అక్కడ తెలుగు రాసుకునేవారు. తర్వాత యాహూ గ్రూపుల్లో రచ్చబండ వంటి సాహిత్య చర్చలు సాగాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు వికీటె-ఎల్ అనే సొంత లిస్టు ఉంది; అది వికీమీడియా వారి మెయిల్‌మ్యాన్ సర్వర్‌లోనే నడుస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

2.1లో పెద్ద ప్రాసెస్ పేరు మెయిల్‌మ్యాన్‌సీటీఎల్. దాని కింద క్యూరన్నర్‌లనే ఎనిమిది పిల్ల ప్రాసెస్‌లు ఉంటాయి. ఇన్‌కమింగ్ రన్నర్ వచ్చిన మెయిల్‌ను పరీక్షిస్తుంది. అవుట్‌గోయింగ్ రన్నర్ బయటికి పంపుతుంది. ఆర్కైవ్ రన్నర్ దాఖలా రాస్తుంది. బౌన్స్ రన్నర్ తిరిగొచ్చినవాటిని లెక్కిస్తుంది. కమాండ్ రన్నర్ చేరిక, విరమణ ఆదేశాలు చూస్తుంది. వర్జిన్ రన్నర్ సర్వర్ తానే తయారుచేసిన నోటీసులను, న్యూస్ రన్నర్ యూజ్‌నెట్ రాకపోకలను, రీట్రై రన్నర్ మళ్లీ పంపాల్సినవాటిని చూసుకుంటాయి.

పోస్టాఫీసులోని సార్టింగ్ అరల్లా ప్రతి రన్నర్‌కూ డిస్కు మీద ఒక డైరెక్టరీ ఉంటుంది. రన్నర్ సెకనుకోసారి తన అరలోకి చూస్తుంది. ఏదైనా ఉంటే పని చేసి తర్వాతి అరలో వేస్తుంది. ఏ రన్నర్‌దీ కాని అర ఒకటుంది, దాని పేరు షంట్. పని మధ్యలో ప్రోగ్రాముకు ఊహించని తప్పు ఎదురైతే ఆ మెయిల్ షంట్‌లో పడుతుంది. మెయిల్ పోదు, అలాగని ముందుకూ కదలదు. మనిషి వచ్చి చూసేదాకా అక్కడే ఉంటుంది.

ఈ నిర్మాణంలో నాకు ఎంతో నచ్చే గుణం ఇదే. సర్వర్ పరిస్థితి మొత్తం డైరెక్టరీల్లో ఫైళ్లుగా కనిపిస్తుంది. ప్రత్యేకమైన పరికరమేదీ లేకుండా ఫైళ్ల పేర్లు, వాటి వయసు చూడగలిగిన మనిషి సగం రోగనిర్ధారణ చేసేయగలడు.

ముందు క్యూ, తర్వాతే రీస్టార్ట్

మెయిల్ రావడం లేదన్న ఫిర్యాదు అందగానే చాలామంది చేసే మొదటి పని సర్వీసును రీస్టార్ట్ చేయడం. ఇది చెడ్డ అలవాటు. రీస్టార్ట్‌తో ఏ ప్రాసెస్ చచ్చింది, ఏది ఎక్కడ ఇరుక్కుంది అన్న ఆనవాళ్లు చెరిగిపోతాయి. మూలకారణం అలాగే ఉంటే అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. నాలుగు నిమిషాలు ఆగి చూడటం వల్ల పోయేదేమీ లేదు.

మొదట ప్రాసెస్‌ల జాబితా తీయాలి. పెద్దది ఒకటి, పిల్లలు ఎనిమిది, మొత్తం తొమ్మిది పైథాన్ ప్రాసెస్‌లు కనిపించాలి. పెద్దది బతికుంటే అంతా బాగున్నట్టు కాదు. పిల్ల ప్రాసెస్ చచ్చిన ప్రతిసారీ పెద్దది దాన్ని మళ్లీ లేపుతుంది, కానీ 10 సార్లు దాటితే వదిలేస్తుంది. ఆ మాట క్యూరన్నర్ లాగ్‌లో ఒక్క వరుసగా మాత్రమే నమోదవుతుంది. అప్పుడు సర్వీసు నడుస్తున్నట్టే చూపిస్తుంది, అవుట్‌గోయింగ్ రన్నర్ మాత్రం ఉండదు. అసలు తికమక పెట్టేది ఇలాంటి స్థితే.

తర్వాత అరలు చూడాలి. ఇన్‌లో ఫైళ్లు పేరుకుంటే ఇన్‌కమింగ్ రన్నర్ ఆగిందని గానీ, ఏదో లిస్టు తాళం విడవక అది కాచుకు కూర్చుందని గానీ అర్థం. అవుట్‌లో పేరుకుంటే లోపం మెయిల్‌మ్యాన్‌లో కాకుండా మెయిళ్లు తీసుకునే పోస్ట్‌ఫిక్స్ వంటి ఎస్ఎంటీపీ సర్వర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ఆర్కైవ్ అర నిండితే మెయిళ్లు అందుతూనే ఉంటాయి, దాఖలా మాత్రం వెనకబడుతుంది. అన్నీ ఖాళీగా ఉండి పోస్ట్ లాగ్‌లోనూ ఆ మెయిల్ జాడ లేకపోతే అది మెయిల్‌మ్యాన్ దాకా రానే లేదు. పోస్ట్‌ఫిక్స్ లాగ్ చూడాలి. ఫైళ్ల సంఖ్య కంటే వాటి వయసే ముఖ్యం. పెద్ద లిస్టుకు మెయిల్ వెళ్తున్నప్పుడు అవుట్‌లో వందల ఫైళ్లుండటం సహజం. ఇన్‌లో ఒకే ఒక్క ఫైలు మూడు గంటల నుంచి కదలకుండా ఉంటే అది జబ్బు.

ఇంకా ముందు చూడాల్సింది, ఆపి ఉంచిన మెయిళ్లు నమోదయ్యే వెట్ లాగ్. ఎందుకంటే చాలా ఫిర్యాదుల్లో అసలు లోపమే ఉండదు. మెయిల్ మోడరేటర్ అనుమతి కోసం ఆగి ఉంటుంది. 2.1లో మెయిల్ పరిమాణానికి ముందుగా పెట్టి ఉన్న హద్దు 40 కిలోబైట్లు. పీడీఎఫ్ జోడించిన సర్క్యులర్ చాలాసార్లు ఈ హద్దు దాటుతుంది. మోడరేటర్ సెలవులో ఉంటే అది ఆయన తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటుంది.

ఫిర్యాదు ఎవరి నుంచి వచ్చిందన్నది కూడా ఒక ఆధారమే. రోజంతటి మెయిళ్లు ఒకే కట్టగా అందుకునే డైజెస్ట్ సభ్యులు మాత్రమే రాలేదంటే తప్పు క్యూరన్నర్‌లది కాకపోవచ్చు. రోజువారీ డైజెస్టులను పంపేది క్రాన్, అదీ మధ్యాహ్నం 12కి. క్లౌడ్ సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మనకు సాయంత్రం 5.30కి గానీ అందవు. ఆ తేడా తెలియక లేని లోపాన్ని వెతికినవారున్నారు.

కరెంటు పోయినప్పుడు

ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతానికి సాయంత్రాలు ఈదురుగాలులు, ఉరుముల వానలు మామూలే. కొమ్మలు తీగల మీద పడతాయి, కరెంటు పోతుంది, యూపీఎస్ కొంతసేపు మోస్తుంది. జెనరేటరు సమయానికి అందుకోకపోతే సర్వర్ ఒక్కసారిగా ఆరిపోతుంది. తిరిగి లేచాక మెయిల్‌మ్యాన్ లేవకపోవచ్చు.

కారణం తాళం ఫైలు. ఒకేసారి ఇద్దరు పెద్దలు పని మొదలుపెట్టకుండా మెయిల్‌మ్యాన్‌సీటీఎల్ లాక్స్ డైరెక్టరీలో ఒక ఫైలు ఉంచుతుంది. అందులో సర్వర్ పేరు, ప్రాసెస్ సంఖ్య ఉంటాయి. సక్రమంగా ఆపితే తానే దాన్ని తీసేస్తుంది. కరెంటు పోతే ఆ అవకాశం ఉండదు. ఆ తాళానికి 30 గంటల ఆయుష్షు, రోజుకోసారి పొడిగింపు ఉంటాయి. పాత తాళం చూసి కొత్త ప్రాసెస్ మరొకటి నడుస్తోందనుకుని వెనక్కి తగ్గుతుంది. నిజంగా వేరే ప్రాసెస్ ఏదీ లేదని జాబితాలో చూసి, ఆ తర్వాత ఎస్ అనే ఐచ్ఛికంతో స్టార్ట్ ఆదేశమిస్తే పాత తాళాన్ని తొలగించి మొదలవుతుంది. చూడకుండా తాళం తీస్తే రెండు కాపీలు ఒకే అర మీద పడతాయి, ఒకే మెయిల్ సభ్యులకు రెండేసి సార్లు వెళ్లవచ్చు.

దీనికి దగ్గరదే మరొకటి. రీబూట్‌లో సర్వర్ పేరు మారితే, డీహెచ్‌సీపీ వల్ల గానీ కొత్త ఇమేజి నుంచి లేపినందువల్ల గానీ, తాళంలోని పేరు ఇప్పటి పేరుతో కలవదు. వేరే యంత్రం ఆ తాళం పట్టుకుందేమోనన్న హెచ్చరిక వస్తుంది. యంత్రం ఒక్కటే అయినా అంతే. క్యాంపస్‌లో సర్వర్‌కు స్థిరమైన పేరు, స్థిరమైన చిరునామా ఇస్తే ఈ చిక్కు మళ్లీ రాదు.

కరెంటు పోయిన క్షణంలో చేతిలో ఉన్న మెయిల్ సంగతేమిటి? రన్నర్ ఫైలును ఎత్తుకునేటప్పుడు చెరిపేయదు, దాని చివర బీఏకే అని పేరు మారుస్తుంది. పని పూర్తయ్యాకే తీసేస్తుంది. మళ్లీ లేచినప్పుడు అలా మిగిలినవాటిని తిరిగి క్యూలో వేస్తుంది. ఒకే ఫైలు పదేపదే రన్నర్‌ను చంపుతుంటే దాన్ని పక్కన పెడుతుంది. సభ్యుల వివరాలున్న ఫైలు సగంలో తెగినా దాని కిందటి నకలు ఉంటుంది. అందుకే కరెంటు కోత వల్ల మెయిల్ పోవడం అరుదు, ఆగడం మాత్రం తరచు.

తెలుగు అక్షరం షంట్‌లో ఎందుకు పడుతుంది

తెలుగు లిస్టు నడిపేవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చూడాలి. ఇంగ్లిష్ మాన్యువళ్లలో దీని ప్రస్తావన చాలా తక్కువ. యూనికోడ్ తెలుగులో ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి. "స్త్రీ" అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకు 6 సంకేతాలు, 18 బైట్లు. మెయిల్ ప్రయాణానికి బేస్64లోకి మార్చేసరికి 24 అవుతాయి. శీర్షికల్లో ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదని ఆర్ఎఫ్‌సీ 2047 నియమం. అందులో అలంకారాలు పోగా 15 తెలుగు సంకేతాలకే చోటుంటుంది. కాస్త పొడుగైన తెలుగు శీర్షిక ప్రతిదీ ముక్కలు కావాల్సిందే. ముక్క చేసేటప్పుడు సంకేతాన్ని మధ్యలో తెంచకూడదు. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు తెంచుతాయి. అలాంటి శీర్షిక విప్పబోయిన రన్నర్‌కు యూనికోడ్ దోషం తగిలి మెయిల్ షంట్‌కు వెళ్తుంది. ఎర్రర్ లాగ్‌లో ట్రేస్‌బ్యాక్ చివరి వరుసలో యూనికోడ్ పేరు కనిపిస్తే దారి దొరికినట్టే.

ఇంతకంటే ఎక్కువ బాధించేది ప్రశ్నార్థకాల వరుస. 2.1లో ఇంగ్లిష్ లిస్టుకు అక్షరమాల యూఎస్-ఆస్కీ. డైజెస్టు తయారుచేసేటప్పుడు ఆ మాలలో లేని ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమవుతుంది. వ్యాసమంతా రాసి పంపితే డైజెస్ట్ సభ్యుడికి నాలుగు పేజీల ప్రశ్నార్థకాలు అందుతాయి. దీనికి మందు సులభమే: ఎంఎం_సీఎఫ్‌జీ ఫైలులో ఇంగ్లిష్ భాష అక్షరమాలను యూటీఎఫ్-8గా ప్రకటించి క్యూరన్నర్‌లను రీస్టార్ట్ చేయాలి. తెలుగువారు సభ్యులుగా ఉన్న ఏ లిస్టులోనైనా ఇది మొదటిరోజే చేయాల్సిన పని.

40 కిలోబైట్ల హద్దు కూడా మనకు ఇరుకే. ఇంగ్లిష్‌లో దాదాపు 40 వేల అక్షరాలు పట్టే చోట తెలుగులో 10 వేల సంకేతాలే పడతాయి. ఇప్పటి మెయిల్ ప్రోగ్రాములు అదే పాఠాన్ని హెచ్‌టీఎంఎల్‌లో మరోసారి జోడిస్తాయి కాబట్టి అందులోనూ సగమే. తెలుగు చర్చా లిస్టుకు ఈ హద్దు పెంచాలి.

షంట్‌లో పడ్డవాటిని అన్‌షంట్ అనే ఆదేశం తిరిగి క్యూలో వేస్తుంది. కారణం సరిచేయకుండా నడిపితే అవి మళ్లీ షంట్‌కే చేరతాయి. అంతకన్నా ప్రమాదం తేదీలు చూడకుండా నడపడం. అక్కడ మూడు నెలల కిందటి మెయిల్ ఉండవచ్చు. గత సెమిస్టరు పరీక్ష వాయిదా నోటీసు ఈ సెమిస్టరు పరీక్ష ముందురోజు రెండువేల మందికి వెళ్తే జరిగే గందరగోళం ఊహించుకోవచ్చు. కాలం చెల్లినవాటిని ముందు వేరే డైరెక్టరీకి తరలించాలి.

బయటి సర్వర్లతో చిక్కులు

అవుట్ అర నెమ్మదిగా కరుగుతుంటే ఎస్ఎంటీపీ లాగ్ చూడాలి. ఇంతమందికి పంపడానికి ఇన్ని సెకన్లు పట్టిందని ప్రతి మెయిల్‌కూ ఒక వరుస ఉంటుంది. మూడు వందల మందికి సెకను పట్టాల్సింది నిమిషాలు పడుతుంటే, పోస్ట్‌ఫిక్స్ ప్రతి చిరునామాకూ డీఎన్ఎస్‌ను అడుగుతోందేమో చూడాలి. మెయిల్‌మ్యాన్ కోసం ఆ తనిఖీలు లేని మరో పోర్టు తెరిస్తే సరిపోతుంది. లిస్టులో ప్రతి సభ్యుడికీ విడివిడిగా మెయిల్ తయారుచేసే ఏర్పాటు పెట్టినా ఇదే నెమ్మది వస్తుంది. అప్పుడు అవుట్‌గోయింగ్ రన్నర్‌లను రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున పెంచవచ్చు. సంఖ్య రెండుకు ఘాతమై ఉండాలి.

2014 ఏప్రిల్‌లో యాహూ, నకిలీ మెయిళ్లను అడ్డుకునే తన డీమార్క్ విధానాన్ని తిరస్కారానికి మార్చింది. యాహూ చిరునామా నుంచి వచ్చినట్టున్న మెయిల్‌ను యాహూ కాని సర్వర్ పంపితే తిప్పికొట్టమని లోకానికి చెప్పింది. లిస్ట్ సర్వర్ చేసే పని సరిగ్గా అదే. యాహూ సభ్యుడు ఒకరు రాస్తే జీమెయిల్ సభ్యులందరి దగ్గరినుంచీ మెయిల్ తిరిగొచ్చేది. బౌన్స్ రన్నర్ ఆ తిరస్కారాలను ఆ సభ్యుల ఖాతాలో వేసేది. లెక్క 5కు చేరితే వాళ్ల సభ్యత్వం స్తంభించేది. ఏ తప్పూ చేయనివారు లిస్టు నుంచి మాయమయ్యారు. యాహూ చిరునామాలు విరివిగా ఉన్న భారతీయ లిస్టులకు ఇది పెద్ద దెబ్బ. 2.1.18లో వచ్చిన డీమార్క్ ఏర్పాటు, పంపినవారి చిరునామా స్థానంలో లిస్టు చిరునామా వేసి, దీన్ని పరిష్కరించింది.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ మరో నియమం పెట్టింది. రోజుకు జీమెయిల్ ఖాతాలకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే గుర్తింపు ఏర్పాట్లు మూడూ ఉండాలి. జీమెయిల్ వాడే సభ్యులు 2,500 మంది ఉన్న కాలేజీ లిస్టులో రెండు ప్రకటనలకే లెక్క 5,000కు చేరుతుంది.

మెయిల్‌మ్యాన్ 3

కొత్త వెర్షన్‌లో అరల పద్ధతి అలాగే ఉంది, రన్నర్‌లు పెరిగాయి. పోస్ట్‌ఫిక్స్ నుంచి మెయిల్ తీసుకునే ఎల్ఎంటీపీ రన్నర్ 8024 పోర్టులో, వెబ్ పుటలతో మాట్లాడే రెస్ట్ రన్నర్ 8001లో వింటాయి. దాఖలాలను హైపర్‌కిట్టీ అనే వేరే ప్రోగ్రాము చూస్తుంది. దానికి సొంత నేపథ్య ప్రాసెస్ ఉంది. కాబట్టి మెయిల్ అందుతూ దాఖలాలో కనిపించకపోతే ఆ హైపర్‌కిట్టీ ప్రాసెస్‌ను చూడాలి. మెయిల్‌మ్యాన్‌కు, హైపర్‌కిట్టీకి మధ్య రహస్య కీ కలవనప్పుడు మెయిళ్లు స్పూల్ డైరెక్టరీలో ఆగుతాయి, సరిచేశాక అవే ఎక్కుతాయి. వికీమీడియా తన లిస్టులను 2021లో ఈ వెర్షన్‌కు మార్చింది.

2.1 నడిచే పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగింది. ఇప్పటికీ 2.1 నడుపుతున్న సంస్థలు మారడం ఆలస్యం చేయకూడదు.

చివరగా దాఖలాల భద్రత గురించి ఒక మాట. యాహూ 2019 డిసెంబరులో గ్రూపుల్లోని పాత మెయిళ్లను తీసేసింది, 2020 డిసెంబరు 15న గ్రూపులనే మూసేసింది. ఎన్నో తెలుగు చర్చలు వాటితో పోయాయి. సొంత మెయిల్‌మ్యాన్ 2.1 సర్వర్‌లో ఒక లిస్టు చరిత్ర అంతా ఎంబాక్స్ అనే ఒక్క ఫైలులో ఉంటుంది. లిస్టు నడిపేవారు ఆ ఫైలు నకలు వారానికోసారి వేరే యంత్రంలో దాచాలి. రోజుకోసారి షంట్ అర తెరిచి చూడాలి.